ఫిరంగి గొట్టం వేడి, ముట్టడి వేగం: రాయచూరు నుంచి ఆదోని దాకా

పరిచయం

దక్కను యుద్ధాలను వర్ణించిన పాత గ్రంథాల్లోనూ, వాటిని అనుసరించిన పాఠ్యపుస్తకాల్లోనూ ఒక మాట తరచుగా కనిపిస్తుంది. ఫలానా కోట ముందు ఫిరంగులు రాత్రింబవళ్లు ఎడతెగకుండా నిప్పులు కురిపించాయని, ఆ ధాటికి కోట లొంగిపోయిందని రాస్తారు. మనం అది చదివి ముందుకు వెళ్లిపోతాం. ఒక ఫిరంగి రోజుకు ఎన్నిసార్లు పేలగలదు, పేలిన తరువాత దాని గొట్టం ఏ స్థితిలో ఉంటుంది, మళ్లీ మందు పోయడానికి ఎంతసేపు ఆగాలి అనే ప్రశ్నలు మనకు తట్టవు. ఈ పాఠం ఆ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. వాటికి సమాధానం వెతికితే, మన ప్రాంతంలో కోటలు నిజంగా ఎందుకు పడిపోయాయో కొంత వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడ మన ప్రాంతం అంటే పశ్చిమ కర్నూలు. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోనిల నడుమ ఉన్న నల్లరేగడి నేల, దానికి ఉత్తరాన తుంగభద్ర, నది దాటితే రాయచూరు. (బనగానపల్లె దగ్గర చౌడేశ్వరి ఆలయం ఉన్న నందవరం వేరు. ఇది ఎమ్మిగనూరు దగ్గరి నందవరం. పరీక్ష పత్రాల్లో ఈ రెండింటినీ కలిపేయడం మామూలే కనుక ముందే చెబుతున్నాం.) కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న రాయచూరు అంతర్వేది కోసం విజయనగర రాజులు, బహమనీలు, ఆ తరువాత బీజాపూరు ఆదిల్‌షాహీలు రెండు వందల ఏళ్లు పోరాడారని మీరు ఇదివరకే చదివారు. ఆ పోరాటాల్లో సైన్యాలు నడిచిన నేల, నదిని దాటిన రేవులు ఈ ప్రాంతంలోనివే. కనుక మందుగుండు ఆయుధాల చరిత్రను ఇక్కడి నుంచి చూడటం సబబే.

మాటలు చెప్పే చరిత్ర

ముందుగా పదాలు చూద్దాం. ఐరోపావారిని పశ్చిమాసియాలో ఫరంగీలు అనేవారు. ఆ మాటే మన దగ్గర ఫిరంగి అయి, మనుషుల పేరు పోయి ఆయుధం పేరుగా నిలిచింది. తుపాకి అనే మాట తురుష్క భాషలోని తుఫెక్‌కు బంధువు. కానీ గొట్టం, గుండు, ఒత్తి, మందు మన మాటలే. రోగానికి వేసేదీ మందే, తుపాకిలో పోసేదీ మందే. నిప్పు అంటించే బెజ్జం దగ్గర పెట్టే సన్నని పొడిని రంజకం అన్నారు, అది పారశీకం నుంచి వచ్చింది. ఆయుధం పేరు బయటి నుంచి వచ్చినా దాన్ని వాడే పనికి సంబంధించిన మాటలు చాలావరకు ఇంటివే కావడం గమనించండి. ఆ పని చేసినవారు స్థానికులని దీని అర్థం. వారి గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

గొట్టం ఎందుకు వేడెక్కుతుంది?

నల్లమందు కాలినప్పుడు గొట్టం లోపల వేడి సుమారు రెండు వేల డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. అది క్షణకాలమే అయినా, మందులోని శక్తిలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా లోహంలోకి చేరుతుంది. మిగిలినది గుండును తోయడానికీ, మూతి నుంచి బయటికి పోయే వాయువుల్లోనూ ఖర్చవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది సాక్ష్యం కాదు, అంచనా మాత్రమే. కిలో నల్లమందు కాలితే సుమారు మూడు వేల కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. రెండున్నర టన్నుల బరువున్న ఇనుప ఫిరంగిలో మూడున్నర కిలోల మందు పోసి పేలిస్తే, గొట్టం మొత్తం సగటున రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు మూడు కిలోల గొట్టం ఉన్న ఒత్తి తుపాకిని తీసుకోండి. ఎనిమిది గ్రాముల మందు పోస్తే ఒక్కో దెబ్బకు అది నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే చిన్న ఆయుధమే త్వరగా కాగుతుంది. పెద్ద ఫిరంగి నెమ్మదిగా కాగుతుంది, కానీ ఒకసారి కాగిందంటే చల్లారడానికి గంటలు పడుతుంది. పెద్ద గుండిగలో కాచిన నీళ్లు, చెంబులో కాచిన నీళ్లు ఎలా చల్లారతాయో ఊహించుకుంటే చాలు.

సగటు లెక్క ఒక విషయాన్ని దాస్తుంది. వేడి అంతా మొదట లోపలి పొరకే తగులుతుంది. లోపలి లోహం వ్యాకోచిస్తుంది, బయటిది ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ లాగుడులో పోతలో ఎక్కడ లోపముంటే అక్కడ బీట పడుతుంది. కంచు అయితే ఇంకో చిక్కు. అది ఇనుము కంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. ఎడతెగకుండా కాలిస్తే రంజకపు బెజ్జం అరిగి పెద్దదవుతుంది, గొట్టం మూతి కిందికి వంగుతుంది.

వీటన్నిటికంటే ఫిరంగి దగ్గర నిలబడ్డవాడు భయపడేది మరొకటుంది. పేలిన తరువాత గొట్టంలో కాలీకాలని మందు సంచి ముక్కలు, నిప్పు కణికలు మిగిలిపోతాయి. వాటిమీద కొత్త మందు కూరితే చేతిలోనే పేలుతుంది. అందుకే ప్రతి దెబ్బ తరువాత పొడుగాటి కర్రకు గొర్రెతోలు చుట్టి, నీళ్లలో ముంచి, గొట్టం లోపల తుడిచేవారు. ఐరోపా సైన్యాల్లో ఆ సమయంలో ఇంకొకడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో బెజ్జాన్ని మూసి పట్టుకునేవాడు. గాలి ఆడితే కణిక రాజుకుంటుందని భయం. ఇనుప గొట్టం మీద పైనుంచి చన్నీళ్లు కుమ్మరించడం మంచిది కాదని కమ్మరికి వేరే చెప్పనవసరం లేదు. కాగిన ఇనుము ఉన్నట్టుండి చల్లబడితే పగులుతుంది. గ్రానైటు బండ మీద మంట పెట్టి పలకలు లేపే దక్షిణాది రాళ్లపనివారికీ వేడిలోని ఈ లాగుడు బాగా తెలుసు.

రోజుకు ఎన్ని దెబ్బలు?

దీనికి అరుదైన సాక్ష్యం ఒకటి బాబరు స్వీయచరిత్రలో ఉంది. 1528లో కనౌజు ప్రాంతంలో గంగానది మీద వంతెన కడుతున్నప్పుడు, ఉస్తాద్ అలీ కులీ అనే ఫిరంగి నిపుణుడు తన పెద్ద ఫిరంగిని మొదటి రోజు ఎనిమిదిసార్లు, మరునాడు పదహారుసార్లు పేల్చాడని, తరువాత మూడు నాలుగు రోజులు అదే తీరున సాగిందని బాబరు రాసుకున్నాడు. దానికంటే పెద్ద ఫిరంగి మరొకటి మొదటి దెబ్బకే పగిలిపోయిందనీ దాచకుండా చెప్పాడు. ఎనిమిది, పదహారు అనేవి ఆయనకు గొప్పగా చెప్పుకోదగ్గ సంఖ్యలు, అందుకే రాశాడు. పగటి వేళను పన్నెండు గంటలుగా తీసుకుంటే పదహారు దెబ్బలంటే ముక్కాలు గంటకు ఒకటి.

1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడల ముందు ఒట్టోమన్ల మహా ఫిరంగి రోజుకు ఏడుసార్లు పేలేదని గ్రీకు రచయితలు రాశారు. పేలిన వెంటనే చల్లగాలి సోకి కంచు పగలకుండా దానికి నూనె పట్టించేవారని డూకాస్ అనే రచయిత చెప్పాడు. దేశం వేరు, కాలం వేరు, అయినా సంఖ్యలు దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ నిదానానికి వేడి ఒక్కటే కారణం కాదు. మణుగుల బరువున్న రాతి గుండును ఎత్తి లోపలికి దించాలి. వెనక్కి తన్నిన ఫిరంగిని మళ్లీ గురికి తేవాలి. గొట్టం లోపల పేరుకున్న మసిని గీకాలి. పైన వేసిన లెక్క ప్రకారం పదహారు దెబ్బలకు పెద్ద గొట్టం సగటున యాభై డిగ్రీలకు మించి పెరగదు. కాబట్టి వేడిని ఏకైక కారణంగా చూపే రాతలను కూడా అనుమానించాల్సిందే. అయితే పగిలిపోతుందన్న భయం మాత్రం వేడి నుంచి వచ్చిందే. నమ్మకం లేని పోత ఫిరంగిని చల్లారనివ్వకుండా కాల్చే ధైర్యం ఏ గోలందాజుకూ ఉండేది కాదు.

రాయచూరు, 1520

ఇప్పుడు తుంగభద్ర దాటి రాయచూరు వెళదాం. ఈ యుద్ధానికి మనకున్న ముఖ్య ఆధారం ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుని వృత్తాంతం. యుద్ధం జరిగిన పదిహేనేళ్లకు అతడు దాన్ని రాశాడు. అతడిచ్చిన సంవత్సరం 1522. రాబర్ట్ సూయెల్ దాన్ని సరిచేసి 1520 మే 19 అని నిర్ణయించాడు. సైనికుల సంఖ్యలో నూనిజ్‌ను పూర్తిగా నమ్మలేం. కానీ యుద్ధం నడిచిన తీరును అతడు చెప్పినంత వివరంగా మరెవరూ చెప్పలేదు.

శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించి మూడు నెలలు గడిచాయి. కోటలో రెండు వందల భారీ ఫిరంగులున్నాయని నూనిజ్ అంటాడు. బయటి నుంచి రాయల సైనికులు గడ్డపారలతో, గునపాలతో గోడలు తవ్వుతున్నారు. ఊడదీసిన రాయికి ఇంత అని కూలి ముట్టేది. ఎత్తున ఉన్న ఫిరంగులు గోడ అడుగుకు చేరినవారిని కొట్టలేవు. ఈ లోగా ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణానది దాటి వచ్చాడు. అతని బలమంతా ఫిరంగిదళం. రాయల మొదటి వరుస ముందుకు ఉరకగానే, ఫిరంగులన్నిటినీ ఒక్కసారిగా పేల్చమని అతడు ఆజ్ఞాపించాడు. కాల్బలం, గుర్రాలు, ఏనుగులు పెద్దయెత్తున కూలాయి. ముందు వరుస చెదిరింది.

ఆ తరువాత జరిగింది ఈ పాఠానికి కీలకం. అన్నీ ఒకేసారి పేలాయి కనుక అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. అన్నీ ఒకేసారి తుడవాలి, అన్నిటికీ ఒకేసారి మందు కూరాలి. అది మే నెల. ఆ విరామంలో రాయలు స్వయంగా రెండో వరుసను నడిపించి మీదపడ్డాడు. ఆదిల్‌షా సైన్యం కృష్ణానది దాకా పారిపోయింది, నదిలో అనేకులు మునిగిపోయారు. దొరికిన సొత్తులో నాలుగు వందల భారీ ఫిరంగులు ఉన్నాయని నూనిజ్ లెక్క. ఆ సంఖ్యలో అతిశయం ఉన్నా, ఫిరంగులు ఎక్కువగా ఉన్న పక్షమే ఓడిందన్న సంగతి మాత్రం మారదు. ఈ యుద్ధంపై విస్తృతంగా రాసిన చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ కూడా ఫిరంగులు చేతిలో ఉండటం వేరు, వాటిని వాడటం తెలియడం వేరు అనే అంశంపైనే దృష్టి పెట్టాడు. నా అభిప్రాయంలో ఆదిల్‌షా తప్పు ధైర్యంలోనూ కాదు, గురిలోనూ కాదు, వంతులు వేయకపోవడంలో ఉంది. సగం ఫిరంగులు పేలుతుంటే సగం చల్లారుతూ ఉండాలనే పద్ధతి తరువాతి కాలంలో ప్రతి ఫిరంగిదళానికీ మొదటి పాఠం అయింది.

యుద్ధం ముగిశాక రాయలు మళ్లీ కోట వైపు తిరిగాడు. ఇప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసు ఇరవై మంది తుపాకిదారులతో అతని శిబిరానికి చేరాడు. గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చినవాడు అతడు. కోటలోనివారు గోడల మీద నిర్భయంగా తిరుగుతుండటం చూసి, తనవారిని దగ్గరగా నిలిపి ఒక్కొక్కరినే గురిచూసి కొట్టించాడు. అటువంటి దెబ్బను రాయచూరువారు అంతకుముందు ఎరుగరు. గోడల మీద తలెత్తేవాడు లేకపోవడంతో గునపాల పని సులువైంది. చివరికి కోట అధిపతి పరిస్థితి చూద్దామని తొంగిచూసినప్పుడు నుదుటిన గుండు తగిలి చనిపోయాడు. మరునాడు కోట లొంగిపోయింది.

మన ప్రాంతంలో గురిచూసి కాల్చడం ఒక ముట్టడి ఫలితాన్ని తేల్చిన తొలి స్పష్టమైన ఉదాహరణ ఇదే అనవచ్చు. ఆ తుపాకులు నిమిషానికి ఒకటి కూడా పేలి ఉండవు. ఒత్తి సర్దుకోవాలి, రంజకం పోయాలి, మనిషి కనబడేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే గొట్టం చల్లారుతుంది. నాలుగు వందల ఫిరంగులు ఒక్క ఊపులో చేయలేనిది, ఇరవై తుపాకులు నిదానంగా చేశాయి.

ఆదోని, గుత్తి, గోల్కొండ

1565 తరువాత ఆదోని ఆదిల్‌షాహీల చేతికి వెళ్లింది. 1680ల చివర మొఘలులకు, ఆ తరువాత అసఫ్‌జాహీలకు దక్కింది. పద్దెనిమిదో శతాబ్దిలో నిజాం అలీఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ ఇక్కడ కొలువు పెట్టి, ఫ్రెంచివారి నాయకత్వంలో ఒక దళాన్ని పోషించాడు. ఆ ఫ్రెంచి దళాన్ని తప్పించాలని మద్రాసులోని ఆంగ్లేయులు 1779లో అతనితో ఒప్పందం చేసుకోవడం, దాని మూలంగా హైదర్ అలీ ఆగ్రహించడం మీరు మైసూరు యుద్ధాల పాఠంలో చూశారు.

1786లో టిపూ సుల్తాన్ ఆదోనిని ముట్టడించాడు. అప్పుడు కోటలో ఉన్నది బసాలత్ జంగ్ కుమారుడు మహబత్ జంగ్. నైరుతి రుతుపవనాలు రావడానికి కొద్దిగా ముందు, ఎండలు ఇంకా తగ్గని రోజులు అవి. ఆ ఎండలో ఆరుబయట ఉన్న ఇనుప గొట్టం ఒక్క దెబ్బ పేలకముందే ముట్టుకోలేనంత కాలుతుంది. చల్లారాలంటే చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉండాలి, అదీ లేదు. టిపూ ఫిరంగులు కొట్టాయి, సైనికులు గోడలెక్కే ప్రయత్నాలు చేశారు, అవి ఫలించలేదు. నిజాం, మరాఠాల సహాయ సైన్యం వచ్చింది. తుంగభద్రకు వరద వస్తే తిరిగి వెళ్లలేమని భయపడి, వారు మహబత్ జంగ్ కుటుంబాన్ని, కోటలోని సైన్యాన్ని వెంటబెట్టుకుని నది దాటిపోయారు. ఖాళీ అయిన కోటలోకి టిపూ ప్రవేశించి ప్రాకారాలను కూల్పించాడు. అంటే ఆదోనిని గెలిచింది ఫిరంగి కాదు, రాబోయే వరద.

దగ్గరలోని గుత్తి సంగతీ అంతే. మరాఠా సర్దారు మురారిరావు ఆ కోటను హైదర్ అలీకి వ్యతిరేకంగా నిలబెట్టాడు. కొండమీద నీళ్లు అయిపోవడంతో 1776లో లొంగిపోక తప్పలేదు. గోల్కొండ 1687లో ఎనిమిది నెలలు ఔరంగజేబు ఫిరంగులను తట్టుకుంది. గోడల కింద పెట్టిన మందుపాతరలు ఎదురుతిరిగి మొఘలు సైనికులనే చంపాయి. చివరికి లోపలివాడు ఒకడు తలుపు తీశాడు. పెట్ల బురుజు మీద ఫతే రహ్‌బర్ ఫిరంగిని చూపించి గైడ్లు ఏమి చెప్పినా, ఆ కోట పడింది లంచంతోనే.

అలాగని ఫిరంగులతో కోటలు ఎప్పుడూ పడలేదనుకోకూడదు. 1791 మార్చిలో బ్రిటిష్ ఫిరంగులు బెంగళూరు కోట గోడకు గండికొట్టాయి, దాని గుండానే సైనికులు చొరబడ్డారు. కాబట్టి ఏ కోట విషయంలోనైనా విడివిడిగా అడగాలి. గండి పడిందా, పడితే ఎన్ని రోజులకు, ఎన్ని ఫిరంగులతో? ఈ మూడింటికీ జవాబివ్వని వర్ణన సాక్ష్యంగా బలహీనమే.

కంచా, ఇనుమా?

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదిలేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. అదే ఏడాది ధోండియా వాఘ్ అనే తిరుగుబాటు నాయకుణ్ణి వెంటాడుతూ ఆర్థర్ వెల్లెస్లీ అనే కర్నలు తుంగభద్ర తీరాల్లో తిరిగాడు. సెప్టెంబరు 10న కోనగల్ వద్ద ధోండియా చనిపోయాడు. ఈ వెల్లెస్లీయే తరువాత వెల్లింగ్టన్. అతని తరువాతి అనుభవం మన ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది కనుక కాసేపు స్పెయిన్ వెళ్లక తప్పదు.

1811లో బడహోస్ కోటను ముట్టడించడానికి అతనికి దొరికినవి పదిహేడో శతాబ్దిలో పోతపోసిన పోర్చుగీసు కంచు ఫిరంగులు. వరుసగా కాల్చేసరికి వాటి గొట్టాలు వంగాయి, బెజ్జాలు అరిగాయి, ముట్టడి విఫలమైంది. 1813లో సాన్ సెబాస్టియన్ ముందు ఇనుప ఫిరంగులు ఒక్కొక్కటి రోజుకు మూడు వందలకు పైగా దెబ్బలు పేల్చి నిలిచాయి. బాబరు చెప్పిన పదహారుకూ ఈ మూడు వందలకూ మధ్య ఉన్న తేడాను ఒకసారి ఆలోచించండి. శూరత్వం పెరగలేదు. మారింది లోహం, పోత, తుడిచే పద్ధతి.

ఈ కాలంలోనే వేడి అంటే ఏమిటో కూడా ఫిరంగే నేర్పింది. మ్యూనిక్ ఆయుధాగారంలో కంచు ఫిరంగులకు తొర్ర తొలిపించే పని చూస్తున్న కౌంట్ రంఫర్డ్, తొలిచేకొద్దీ వేడి తరగకుండా పుడుతూనే ఉండటం గమనించాడు. నీళ్లలో ఉంచి తొలిపిస్తే రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగాయి. వేడి ఒక పదార్థం కాదు, చలనమేనని అతడు 1798లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. అంతకుముందు చేసిన తుపాకి ప్రయోగాల్లో అతనికి మరో వింత కనిపించింది. గుండు లేకుండా వట్టి మందు పేల్చినప్పుడే గొట్టం ఎక్కువ కాగింది.

నీళ్లు మోసినవారు

ఫిరంగిని తుడవాలంటే నీళ్లు కావాలి. ఆదోని కోట కొండల గుంపు మీద ఉంది. వాటిలో ఎత్తయినవి బారాఖిల్లా, తాళిబండ. బారాఖిల్లా ఎక్కేదారిలో సగం ఎత్తున మంచినీటి చెరువు ఒకటి ఉంది. అది ఎన్నడూ ఎండదని ప్రతీతి. పైన పాత మందుగుండు కొట్లున్నాయి. ఆ చెరువు నీళ్లే తాగడానికి, వండుకోవడానికి, గుర్రాలకు, ఫిరంగులకు. ముట్టడి సమయంలో ఒక బిందె ఎవరికి పోవాలన్నది చిన్న తగవు కాదు. గుత్తి ఏమైందో చూశాం కదా.

బీజాపూరులో 1584లో కట్టిన ఉప్లీ బురుజు మీద ఫిరంగుల పక్కనే మందు గదులు, నీటి తొట్లు ఉన్నాయి. మాలిక్-ఎ-మైదాన్ అనే మహా కంచు ఫిరంగి దగ్గర గైడ్లు ఒక కథ చెబుతారు. దాని చప్పుడుకు చెవులు పగలకుండా పేల్చేవాడు నిప్పంటించి పక్కనున్న నీళ్లలో తల ముంచేవాడట. ఇది వినడానికి బాగుంటుంది. కానీ ఫిరంగి పక్కన నీళ్లు ఉండటానికి ఇంతకంటే మామూలు కారణం, తడి తోలు ముంచి గొట్టం తుడవడం. జనశ్రుతిలో తరచు ఇలాగే జరుగుతుంది. వస్తువు మిగులుతుంది, దాని రోజువారీ ఉపయోగం మరుగున పడుతుంది, ఆ ఖాళీలో ఒక వింత కథ వచ్చి కూర్చుంటుంది.

నీళ్లు మోసిన భిస్తీలు, ఫిరంగులను లాగిన లష్కర్లు, గొట్టాలు తుడిచినవారు మన గ్రంథాల్లో పేర్లతో కనబడరు. మాలిక్-ఎ-మైదాన్‌ను 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసిన మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ పేరు ఆ కంచు మీదే చెక్కి ఉంది. రాయించినవాడి పేరు, పోసినవాడి పేరు నిలిచాయి. తోలుతిత్తిలో నీళ్లు తెచ్చినవాడి పేరు నిలవలేదు. ముట్టడి వేగాన్ని నిర్ణయించినవారిలో వారూ ఒకరని గుర్తిస్తే, సైనిక చరిత్ర కూడా శ్రమ చరిత్రలో భాగమే అవుతుంది.

రైఫిలు కాలం

పందొమ్మిదో శతాబ్ది చివర పొగలేని మందు, వెనుక నుంచి తూటా పెట్టే రైఫిలు వచ్చాక వేడి సమస్య రూపం మార్చుకుంది. తుడిచే పని పోయింది, దానితో బలవంతపు విరామం కూడా పోయింది. ఇప్పుడు సిపాయి నిమిషానికి పదిహేను తూటాలు కాల్చగలడు. ఒక్కో తూటాకు సన్నని గొట్టం ఐదారు డిగ్రీలు పెరుగుతుంది. భారత సైన్యంలోనూ పోలీసుల్లోనూ దశాబ్దాలు వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు గొట్టం పైభాగాన మూతి దాకా కర్ర తొడుగు కనిపిస్తుంది. అది అలంకారం కాదు, చెయ్యి కాలకుండా పెట్టింది. 1884లో హైరమ్ మాగ్జిమ్ తయారు చేసిన మెషీన్ గన్ గొట్టం చుట్టూ నీళ్ల తొడుగే అమర్చారు. భిస్తీ తిత్తిలోని నీళ్లు యంత్రంలో భాగమయ్యాయి.

ఆయుధం ఉన్నవారందరికీ వేడి సమస్య కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1878 ఆయుధాల చట్టం తరువాత లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకి ఉంచుకోవడం నేరమైంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం మూడు పోలీసు స్టేషన్ల నుంచి తీసుకున్నది 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తుపాకికి వంద కూడా రావు. అలాంటి దళానికి గొట్టం కాగేంత కాల్పులు ఊహకు అందనివి. వారి హద్దు తూటాల లెక్క.

గొట్టం వేడి నేటికీ రోజువారీ సమస్యగా మిగిలింది గురి పోటీల మైదానంలో. వేడెక్కిన గొట్టం నుంచి లేచే ఆవిరి లాంటి అలలు దూరదర్శినిలో గురిని కదిలిస్తాయి. గొట్టం లోహంలో సమానంగా లేని బిగువు ఉంటే వేడికి అది వెంట్రుకవాసి వంగి, మూడు వందల మీటర్ల దూరాన తూటాను బెత్తెడు పక్కకు నెడుతుంది. అందుకే పోటీ రైఫిళ్లకు బరువైన గొట్టాలు పెడతారు, కర్రకు తగలకుండా అమరుస్తారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగుతారు, ఆగినప్పుడు గొట్టాన్ని నీడలో ఉంచుతారు, కాగిన గదిలో తూటాను వదిలిపెట్టరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల పోటీలో మాత్రం ఈ బెడద లేదు. అది గాలి రైఫిలు, అందులో మందే లేదు.

క్షేత్ర పని

అవకాశం ఉన్నవారు ఆదోని కొండ ఎక్కి, చెరువు నుంచి పైనున్న మందుగుండు కొట్ల దాకా నడిచి, పట్టిన సమయాన్ని గడియారంతో కొలవండి. ఒక మనిషి నిండు బిందెతో ఆ దారిలో గంటకు ఎన్నిసార్లు తిరగగలడో అంచనా వేయండి. పైన పది ఫిరంగులుండి, ఒక్కొక్కటి రోజుకు పదహారుసార్లు పేలితే, ప్రతి దెబ్బ తరువాత గొట్టాన్ని తుడవడానికి సగం బిందె పట్టిందనుకుని, ఎంతమంది నీళ్లు మోయాల్సి వచ్చేదో లెక్కకట్టి అసైన్‌మెంటులో రాయండి. మే నెలలో వెళ్లేవారు ఉదయం తొమ్మిదిలోపే దిగిపోవడం మంచిది.